గరాజ్ తలుపుకు కొత్త మోటారు: డబ్బు దేని మీద పెట్టాలి?

ఫ్రిస్కోవాసి
డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండు కార్లు పట్టే గరాజ్, పదహారు అడుగుల వెడల్పు తలుపు. ఇల్లు కట్టినప్పుడు బిల్డరు బిగించిన చైను మోటారు ఈ మధ్య తలుపును సగం దాకా ఎత్తి ఆగిపోతోంది. గరాజ్ మీది గదిలోనే మా అత్తగారు, మామగారు పడుకుంటారు. ఆరు నెలలు ఉండేలా విజయవాడ నుంచి వచ్చారు. పగలంతా ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. తెల్లవారుజామున మావారు పనికి బయలుదేరితే ఆ చప్పుడుకు ఇద్దరికీ మెలకువ వచ్చేస్తోంది. చూడటానికి వచ్చిన మెకానిక్ మోటారు పోయిందని తేల్చేశాడు. గోడకు బిగించే రకం, వైఫై, కెమెరా, ఎక్కువ హార్స్‌పవర్ ఉన్నది తీసుకోమన్నాడు. మావారేమో సాదా చైనుది చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఎడిసన్ గృహిణి
పైన పడకగది ఉంటే చైను వద్దే వద్దండీ. బెల్టు మోటారు తీసుకోండి. రబ్బరు లోపల ఉక్కు తీగలు వేసిన బెల్టు అది, ఊరికే తెగేది కాదు. డీసీ మోటారు ఉన్నదైతే నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగుతుంది కనుక చివర్లో వచ్చే కుదుపు కూడా ఉండదు. చైనుకూ బెల్టుకూ ధరలో తేడా ఎంతని? పెద్దవాళ్ల నిద్ర కంటే ఎక్కువా?

కేటీ చైనువాది
చైనును అంత తేలిగ్గా తీసిపారేయకండి. మీరు వినే చప్పుడంతా చైనుదే కాదు. ఇనుప రోలర్లు అరిగిపోయి పట్టాలలో గరగరలాడతాయి. మోటారును ఇనుప పట్టీలతో నేరుగా పైకప్పు దూలాలకు బిగించేస్తారు, ఆ అదురంతా పై గది నేలలోకి ఎక్కుతుంది. నైలాన్ రోలర్లు వేయించి, పట్టీలు బిగించే చోట రబ్బరు ముక్కలు పెట్టించండి. చాలా తక్కువ ఖర్చు. ఆ తరువాత కూడా నిద్ర చెడుతుంటే అప్పుడు బెల్టు సంగతి చూడవచ్చు.

ఆస్టిన్ ఇంజనీరు
అసలు పైకప్పుకు మోటారు ఎందుకు? గోడ మోటారు తలుపు పైన అడ్డంగా ఉండే ఇరుసు కొసకు పక్కనుంచి బిగుస్తుంది. దూలాలకు వేలాడే పట్టా ఉండదు, పై గదికి చేరే అదురు బాగా తగ్గుతుంది. పైకప్పు కింద సామాను పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. ధర ఎక్కువే, కానీ మీ పరిస్థితికి సరిగ్గా సరిపోయేది అదే. వైఫై ఉంటే ఆఫీసులో కూర్చునే తలుపు వేసి ఉందో లేదో చూసుకోవచ్చు. మీ మెకానిక్ చెప్పినది తప్పేమీ కాదు.

హ్యూస్టన్ మాస్టారు
మెకానిక్ చెప్పినది తప్పో ఒప్పో తేలాలంటే ముందు ఒక పరీక్ష జరగాలి. ఆ మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తినట్టు లేదు.

గరాజ్ తలుపును ఎత్తేది మోటారు కాదు, స్ప్రింగు. పదహారు అడుగుల ఉక్కు తలుపు, లోపల ఇన్సులేషన్ ఉంటే, నూట యాభై పౌన్లకు తక్కువ ఉండదు. తలుపు పైన ఇరుసుకు చుట్టుకొని ఉండే స్ప్రింగు ఆ బరువునంతా మోస్తుంది. ఏతానికి ఒక కొసన మనిషి బరువు చేసే పనే ఇక్కడ స్ప్రింగు చేస్తుంది. తూకం సరిగ్గా ఉంటే అంత తలుపునూ ఒక్క చేత్తో లేపవచ్చు. మోటారు చేసేది దాన్ని కాస్త నెట్టడం, లాగడం, అంతే. అందుకే తూకం ఉన్న తలుపుకు అర హార్స్‌పవర్ చాలు. తూకం తప్పిన తలుపుకు ఎంత పెద్ద మోటారు పెట్టినా దాని పళ్లచక్రాలు అరిగిపోతాయి.

ఫ్రిస్కోవాసి గారూ, ఇలా చేయండి. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే మోటారు దగ్గర వేలాడే ఎర్ర పిడి తాడు లాగండి, తలుపు మోటారు నుంచి విడిపోతుంది. తలుపు తెరిచి ఉండగా మాత్రం లాగకండి, స్ప్రింగు తెగి ఉంటే తలుపు అమాంతం కింద పడుతుంది. తాడు లాగాక చేత్తో నడుము ఎత్తు దాకా లేపి, మెల్లగా పట్టు వదిలి చూడండి. అక్కడే నిలిస్తే తూకం బాగున్నట్టు. కిందికి జారినా, అసలు లేవకపోయినా లోపం స్ప్రింగుది. మామూలుగా బిల్డర్లు వేసే స్ప్రింగు పదివేల సార్లు తెరిచి మూయడానికి లెక్కకట్టినది. రోజుకు నాలుగైదు సార్లు వాడే ఇంట్లో ఆరేడేళ్లకే దాని పని అయిపోతుంది. స్ప్రింగు చుట్ల మధ్య ఎక్కడైనా రెండంగుళాల ఖాళీ కనిపిస్తే అది తెగినట్టే. మీ అంతట మీరు దాన్ని మాత్రం ముట్టుకోకండి. బిగించి ఉన్న స్ప్రింగు జారితే చేతులు విరుగుతాయి.

బే ఏరియా బాటసారి
స్ప్రింగు మాట నిజమే కాని మాస్టారూ, ఆవిడ అడిగింది ఏ మోటారు కొనాలని. బ్యాటరీ ఉన్నదే కొనండని నేను గట్టిగా చెబుతాను. మా కాలిఫోర్నియాలో 2017 కార్చిచ్చులప్పుడు కరెంటు పోయి, గరాజ్ తలుపు తెరవలేక కొందరు ఇళ్లలోనే చిక్కుకుపోయారు. ఆ తరువాత వచ్చిన చట్టం వల్ల 2019 జూలై 1 నుంచి ఇక్కడ అమ్మే ప్రతి కొత్త ఇంటి మోటారుకూ బ్యాటరీ తప్పనిసరి. టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు కనుక దుకాణంలో మీరే అడిగి తీసుకోవాలి. పగలంతా ఇంట్లో అత్తమామలు ఇద్దరే ఉంటారని రాశారు. కరెంటు పోతే వాళ్ల చేతిలో ఉండవలసింది బటన్.

కేటీ చైనువాది
టెక్సాస్ సంగతి నన్ను అడగండి. 2024 జూలైలో బెరిల్ తుఫాను హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు తీసేసింది. మా వీధికి రోజుల తరబడి రాలేదు. ఈ బ్యాటరీలు ఒక రోజు పనికి సరిపోయేవి, వారానికి కావు. పైగా మన గరాజ్ వేడికి రెండు మూడేళ్లలో బలహీనపడతాయి, మార్చాలని ఎవరికీ గుర్తుండదు. నేను కొనుక్కున్నది మంచి స్ప్రింగు, నేర్చుకున్నది ఎర్ర తాడు. ఆ వారమంతా కారు బయటికి తీయగలిగాను.

హ్యూస్టన్ మాస్టారు
ఆ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. తూకం బాగున్న తలుపును బ్యాటరీ ఎక్కువ సార్లు లేపగలదు, అది అయిపోయాక మనిషీ లేపగలడు. తూకం లేని తలుపును ఎవరూ లేపలేరు. మామగారు ఎంత ఓపిక ఉన్నవారైనా నూట యాభై పౌన్లు లేపమనలేం కదా.

ఎడిసన్ గృహిణి
మరి దొంగల సంగతి? తలుపు పై సందులోంచి తీగ దూర్చి ఎర్ర తాడు మీటను లాగుతారని విని, మా పక్కింటివారు దాన్ని ప్లాస్టిక్ పట్టీతో కట్టేశారు. మేమూ కట్టాలా అని చూస్తున్నాం.

హ్యూస్టన్ మాస్టారు
దయచేసి కట్టకండి అమ్మా. మంటలు వచ్చినప్పుడో, పిల్లవాడు తలుపు కింద ఇరుక్కున్నప్పుడో చేతికి అందవలసిన మీట అది. దొంగ భయమైతే మీట వెనక చిన్న పలక అడ్డు పెట్టించండి, గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకు గట్టి తాళం వేయండి. తాడు మాత్రం ఎవరు లాగినా రావాలి.

సెన్సార్ల మాట కూడా చెప్పనివ్వండి. 1993 జనవరి 1 తరువాత తయారైన ఇంటి మోటారుకు అడ్డు తగిలితే తలుపు వెనక్కి మళ్లే ఏర్పాటు ఉండాలని అమెరికా చట్టం. తలుపుకు రెండు వైపులా నేలకు ఆరు అంగుళాల లోపు పెట్టే ఆ రెండు సెన్సార్ కళ్లు అందుకే, వాటి మధ్య కిరణానికి ఏదైనా అడ్డొస్తే తలుపు మళ్లుతుంది. అవి మొండికేస్తున్నాయని కొందరు ఊడదీసి, రెండింటినీ ఎదురెదురుగా పైకప్పుకు అంటించేస్తారు. పాకే పిల్లలున్న ఇంట్లో ఇంతకు మించిన ప్రమాదం లేదు. కొత్తది బిగించిన రోజునే నేల మీద ఒకటిన్నర అంగుళాల మందం చెక్క పరచి, తలుపు దాన్ని తాకగానే పైకి మళ్లుతోందో లేదో మెకానిక్ చేతనే చూపించుకోండి. అది చూశాకే డబ్బు చేతిలో పెట్టండి.

ఆస్టిన్ ఇంజనీరు
వైఫై మీద ఎవరూ మాట్లాడటం లేదు. పార్సిల్ వస్తే తెరవవచ్చు, మరిచిపోతే మూయవచ్చు. ఇంత సదుపాయం ఎందుకు వదులుకోవాలి?

బే ఏరియా బాటసారి
ఎందుకంటే ఆ తాళంచెవి మీ దగ్గర ఉండదు. 2023 ఏప్రిల్‌లో నెక్స్ అనే సంస్థ గరాజ్ పరికరాల్లో లోపాలు బయటపడ్డాయి. పరికరాలన్నిటికీ ఒకే రహస్య పదం వాడారు, దూరంగా ఉన్న అపరిచితుడు కూడా తలుపు తెరవగలడు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే హెచ్చరిక జారీ చేసింది. అదే ఏడాది చివర గరాజ్ మోటార్ల సంస్థ ఛాంబర్లేన్, ఫోన్‌తో తలుపు నడిపే తన మైక్యూ సేవను బయటి సాఫ్ట్‌వేర్లకు మూసేసింది. ఇంట్లో అన్నిటినీ ఒకే చోటి నుంచి నడుపుకునేవారు ఒక్కసారిగా దారి లేక నిలబడ్డారు. వైఫై వద్దనడం లేదు. అది లేకపోయినా రిమోటు, గోడ బటన్ పూర్తిగా పనిచేసేదే కొనమంటున్నాను.

ఆస్టిన్ ఇంజనీరు
రిమోటూ రేడియోనే కదా, దానికి దొంగల భయం లేదా?

బే ఏరియా బాటసారి
పాతవాటికి ఉంది. ఎప్పుడూ ఒకే కోడ్ పంపే పాత రిమోట్లను పిల్లల ఆటబొమ్మతో సెకన్లలో తెరవవచ్చని 2015లో సామీ కామ్‌కార్ అనే భద్రతా పరిశోధకుడు చేసి చూపించాడు. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రకం తొంభైల మధ్య నుంచీ ఉంది, ఇప్పుడు కొత్తగా కొనేవన్నీ దాదాపు అవే. ఇంకొక చిన్న విషయం. కొన్ని ఎల్‌ఈడీ బల్బులు రిమోటు సంకేతాన్ని చెడగొడతాయి. వీధిలోంచి రిమోటు పలకడం మానేస్తే, మెకానిక్‌కు ఫోన్ చేసేముందు మోటారులోని బల్బు తీసి చూడండి.

ఫ్రిస్కోవాసి
అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పిన పరీక్ష చేశాం. తాడు లాగి నేనూ మావారూ కలిసి లేపినా మోకాలి ఎత్తు దాటలేదు. టార్చి వేసి చూస్తే ఎడమ స్ప్రింగు చుట్ల మధ్య ఖాళీ స్పష్టంగా కనిపించింది. వేరే మెకానిక్‌ను పిలిచి రెండు స్ప్రింగులూ మార్పించాం, నైలాన్ రోలర్లు కూడా వేయించాం. ఆ తరువాత పాత మోటారే తలుపును పూర్తిగా ఎత్తుతోంది! చప్పుడు తగ్గింది కాని పూర్తిగా పోలేదు. అందుకని బ్యాటరీ ఉన్న బెల్టుది పెట్టించుకోవాలని అనుకుంటున్నాం. ఎర్ర తాడు ఎలా లాగాలో మామగారికి చూపించాం, ఆయనే రెండుసార్లు తలుపు లేపి దించారు. వైఫై మీద మాత్రం ఇంట్లో మాట కుదరలేదు.

ఆస్టిన్ ఇంజనీరు
సంతోషం. గోడ మోటారు గురించి మాత్రం నా మాట మీదే ఉన్నాను. స్ప్రింగులు ఇప్పుడు కొత్తవి కనుక అది ఇంకా బాగా పనిచేస్తుంది. కొనేముందు పక్క గోడకు, ఇరుసుకు మధ్య చోటు ఎంతుందో కొలిచి ఇక్కడ రాయండి.