ఓర్పు నేర్చుకుంటే వస్తాదా? ఏది మొదలుపెట్టినా పది దినాలకే ఇడిసేస్తాండా

ప్రశ్న (అనంతపురం):
అన్నలూ అక్కలూ, నాకు 31 ఏండ్లు, ఇద్దరు పిల్లోళ్లు. వాకింగ్ గానీ టైలరింగ్ గానీ ఏది మొదలుపెట్టినా పది దినాలే, ఒక్కరోజు తప్పిందంటే ఇంగ ఆ పక్కకే పోను. దానికి తోడు కోపం. నిన్న మా చిన్నోడు 'ఋ' రాయలేక చెరిపి రాసి, చెరిపి రాసి పేపరు చినిగిపాయ, నేను నోటుబుక్కు గుంజుకోని ఇసిరేసినా. వాడు ఏడ్చను కూడా లేదు, నన్నే చూస్తా నిలబడిపాయ. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఓర్పు పుట్టుకతో రావాల్సిందేనా?

జవాబు (ధర్మవరం):
చెల్లీ, పుట్టుకతో ఎవురికీ రాదు. నేను పదహారేండ్లకి మగ్గం గుంతలో దిగినా. పట్టుపోగు తెగితే నాకు ఒళ్లు మండేది, ఆ కోపంలో గుంజితే పక్కన ఇంగో నాలుగు తెగేవి. తెగింది చూసీ చూడనట్టు నేసుకుంటా పోతే చీరలో గీత పడతాది, ఆ చీరకి కూలి కోస్తారు. అందుకే మా నాయన పోగు తెగిందంటే కాళ్లు ఆపించి, గుంతలోంచి లేపి నీళ్లు తాగిరమ్మనేవాడు, వచ్చినాకే అతికేది. నువ్వూ కోపం వస్తాందని తెలిసినప్పుడే లేచి వంటింట్లోకి పో, నోటుబుక్కు చేతికి వచ్చినాక ఆపుకోలేవు.

జవాబు (కడప):
అక్కా, 21 రోజుల్లో అలవాటు అవుతుందని అందరూ అంటారు కదా, అది నమ్మొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని గమనించి 2009లో రాసినదాంట్లో సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, అట్లే 254 దాకా లెక్క తేలింది. మీరు పది రోజులకే మీవల్ల కాదని తేల్చేసుకుంటాన్నారు. అందులోనే ఇంకోటి, మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద తేడా ఏం రాలేదంట. కాబట్టి తప్పిన మర్నాడు మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాల్సిన పనిలేదు, పదకొండోది అనుకుని చెప్పులేసుకుని బయటపడండి, వీధి చివరిదాకా పోయొచ్చినా చాలు.

జవాబు (గార్లదిన్నె, చీనీ అంటే బత్తాయి తోట):
అమ్మా, చీనీ చెట్లకి పూత రావల్లంటే నీళ్లు ఆపి బెట్టకి ఇడవాల, నేలను బట్టి మూడు వారాలో నెల పైనో. ఆకు వాలిపోతాంటే ఇంట్లో బిడ్డ దప్పిక అన్నట్టే ఉంటాది, చేయి మోటరు స్విచ్చి మీదికే పోతాది. ఒక ఏడు తట్టుకోలేక ముందే తడి ఇచ్చేసినా, పూత అక్కడక్కడా వచ్చి ఊరుకుంది. పిల్లోడు రాసేటప్పుడు నువ్వు ఊరికే కూర్చునేదే కష్టం, అదే చేయాల్సింది కూడా.

ప్రశ్న అడిగినామె:
అన్నా, మరి ఎంతసేపని చూసేది? చెట్టు ఎండిపోతాదేమో అని మీకు ఎట్ల తెలుస్తాది?

గార్లదిన్నె:
ఆకు చెప్తాది మా. మద్యాన్నం వాలి సాయంత్రానికి లేస్తే ఇంకా టైముంది. తెల్లారి చూసినా వాలే ఉందంటే ఆపొద్దునే నీళ్లు ఇడిసేయాల. మీ వాడు చెరిపి మళ్లీ పెన్సిలు పట్టుకున్నంతసేపు కదలొద్దు. పెన్సిలు కింద పెట్టి నీ మొకం చూసినాడంటే, అప్పుడు పోయి చేయి పట్టుకో.