పెళ్లయ్యాక రాసుకునే ఆస్తి ఒప్పందంలో ఇంటి వాటాను ఎలా చూపాలి?
మాకు పెళ్లై ఆరేళ్లయింది; ముందుగా ఏ ఒప్పందమూ రాసుకోలేదు. అప్పటికే నా పేరిట ఉన్న ఇంటికి, పెళ్లి తరువాత ఇద్దరి జీతాలూ జమయ్యే ఉమ్మడి ఖాతా నుంచే వాయిదాలు కట్టి, పైకప్పు కూడా ఆ డబ్బుతోనే మార్పించాం కనుక, అది నా సొంత ఆస్తిగానే మిగిలిందా, ఉమ్మడిదైపోయిందా అన్నది తేలడం లేదు. నేను వ్యాపారం మొదలుపెడుతున్నందున ఇప్పుడైనా పోస్ట్‌నప్షియల్ ఒప్పందం రాసుకోవాలనుకుంటున్నాం. (నిజానికి ఆ మాట ముందుగా ఎత్తింది నా భార్యే.) ఆస్తులతోపాటు అప్పులనూ దాచకుండా వెల్లడించాలనీ, ఇద్దరూ చెరొక లాయరును పెట్టుకోవడం మేలనీ తెలుసుకున్నాను. అయితే ఇంటి పాత విలువనూ, ఉమ్మడి డబ్బుతో పెరిగిన విలువనూ విడదీసి ఎలా రాయాలి? పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, విలువ మదింపు పత్రం జతచేస్తే సరిపోతుందా? ఇలాంటి ఒప్పందం రాసుకున్నవారు దయచేసి తెలియజేయగలరు.