ఈథర్లకి డైరెక్ట్ ఫ్లోరినేషన్: సి–ఓ బంధాన్ని తెంపేది ఏది?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ సెమినార్ కోసం ఈథర్ల (రెండు కార్బన్ల మధ్య ఆక్సిజన్ ఉండే సమ్మేళనాల) డైరెక్ట్ ఫ్లోరినేషన్ గురించి, అంటే ఫ్లోరిన్ వాయువుతోనే నేరుగా హైడ్రోజన్ల స్థానంలో ఫ్లోరిన్లు చేర్చడం గురించి చదువుతున్నాను. ప్రయోగమేమీ చేయడం లేదు. ఫ్లోరిన్ సిలిండర్ దరిదాపులకి వెళ్లే ధైర్యం నాకు లేదు. కాగితం మీదే చిక్కుకుపోయాను.

నాకు అర్థమైనంతవరకు, ఎఫ్–ఎఫ్ బంధం బలం మోల్‌కి సుమారు 158 కిలోజౌళ్లే, కాబట్టి రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న కణం) చర్య ఇట్టే మొదలవుతుంది. ఒక్కో హైడ్రోజన్ పోయి ఫ్లోరిన్ చేరినప్పుడు మోల్‌కి 400 కిలోజౌళ్ల పైనే శక్తి విడుదలవుతుంది. కార్బన్–కార్బన్ బంధం తెగడానికి సుమారు 350 చాలు! అందుకే లాగో, మార్‌గ్రేవ్ అనే రసాయన శాస్త్రవేత్తల పద్ధతిలో ఫ్లోరిన్‌ని హీలియంలో బాగా పలచన చేసి, చల్లగా మొదలుపెట్టి, గాఢత మెల్లగా పెంచుతారు. ఇంతవరకు ఓకే.

టెన్షనంతా ఈథర్ ఆక్సిజన్ దగ్గరే. ఉప ఉత్పత్తిగా పుట్టే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఆమ్లాన్ని పట్టేయడానికి సోడియం ఫ్లోరైడ్ వేస్తారు కదా. అంటే సి–ఓ బంధం తెగేది ఆ ఆమ్లం ఆక్సిజన్‌కి ప్రోటాన్ ఇవ్వడం వల్లా, లేక ఆక్సిజన్ పక్క కార్బన్ మీది రాడికల్ బీటా విచ్ఛేదన (రాడికల్ కార్బన్‌కి ఒక బంధం అవతల ఉన్న బంధం తెగడం) వల్లా? ఫ్లోరిన్లు చేరేకొద్దీ ఆక్సిజన్ క్షారగుణం తగ్గిపోతుంది. మరి ఆమ్లంతో ముప్పు మొదటి దశలోనేనా? ఫ్లోరిన్ పరమాణువుల పరిసరాలని చూపే ఫ్లోరిన్-19 ఎన్‌ఎంఆర్ పరీక్షలో అసైల్ ఫ్లోరైడ్ (కార్బన్–ఆక్సిజన్ ద్విబంధం ఉన్న కార్బన్‌కి ఫ్లోరిన్ చేరిన సమ్మేళనం) సిగ్నల్ కనిపిస్తే రాడికల్ దారే అని అనుకోవచ్చా? మా గైడ్‌ని అడిగితే "రెండూ ఉంటాయి" అనేశారు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా కాస్త విడమరిచి చెప్పగలరా?