చావు గురించి దాచకుండా రాసిన కథలు ఏమైనా చెప్తారా?

మాది శ్రీకాకుళం. మొన్న మా తాతయ్య పోయారు, మూడేళ్లుగా మంచంలోనే ఉన్నారు. కబురు తెలియగానే నాకు ముందు ఏడుపు రాలేదు, హమ్మయ్య అనిపించింది, ఆ వెంటనే అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. పెద్దకర్మ రోజు గారెలు వడ్డిస్తూ, కిటికీలో ఆయన కళ్లజోడు ఇంకా అలాగే ఉండడం చూసి బేసిన్ పట్టుకుని నిలబడిపోయాను.

అప్పట్నుంచి ఇలాంటి కథల కోసం వెతుకుతున్నా. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) కథ ‘యజ్ఞం’ (1964) మళ్లీ చదివా. అప్పు, పంచాయితీ, పెద్దల మాటలు, అలా నడుస్తూ నడుస్తూ చివర్లో సీతారాముడు, కొడుకు తనలా అప్పుకి బానిస కాకూడదని వాణ్ణి చంపేస్తాడు కదా, రెండు రోజులు నిద్ర పట్టలేదు. కానీ అది చాలా పెద్ద సంఘర్షణ. నాకు కావాల్సింది ఇంట్లో జరిగే మామూలు చావు, సేవ చేసి విసిగిపోయినవాళ్ల మనసు, తప్పు చేశామేమో అన్న గుబులు.

తెలుగు కథలైతే మేలు. కారా మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, మా ఊళ్లోనే ఉంది కాబట్టి కథ పేరు, రచయిత పేరు చెప్తే చాలు, వెళ్లి వెతుక్కుంటా. ఓదార్పు కథలు మాత్రం వద్దు, దండం పెడతా.