ఆర్‌సెటిలో కుట్టు శిక్షణ నిజంగా ఉచితమేనా? సీటుకు ఆరు వేలు అడుగుతున్నారు

జనగామ కోడలు:

అందరికీ నమస్కారం. మాది జనగామ జిల్లాలో ఒక చిన్న ఊరు. ఇంటర్ వరకు చదివాను. మూడేళ్ల బాబు ఉన్నాడు. మావారు ట్రాక్టరు నడుపుతారు. నాకు ఫాల్ కుట్టడం, మామూలు జాకెట్టు కుట్టడం వచ్చు. కటింగ్ మాత్రం సరిగ్గా కుదరదు. అందుకే లైనింగ్ జాకెట్టు అనగానే మా ఊరివాళ్లు జనగామకు తీసుకుపోతారు.

బ్యాంకువాళ్లు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో, అదే ఆర్‌సెటిలో, నెల రోజులు ఉచితంగా నేర్పిస్తారని మా మహిళా సంఘంలో చెప్పారు. ఇంతలో ఒకాయన ఇంటికే వచ్చాడు. సీట్లు తక్కువట, ఆరు వేలిస్తే నా పేరు రాయిస్తాడట, శిక్షణ అయ్యాక కుట్టుమిషను కూడా ఇంటికొస్తుందట. మా అత్తమ్మేమో అన్నం పెట్టి, పడుకోబెట్టి ఊరికే పని నేర్పేవాళ్లు ఎవరమ్మా అంటోంది. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

ఇంకో సంగతి. మా మరిది బీకాం పాసై ఖాళీగా ఉన్నాడు. వ్యాపారమంటే అతనికి భయం, నెల జీతమే కావాలంటాడు. అతనికీ అక్కడే ఏదైనా దొరుకుతుందా?

ఫ్రిజ్ మెకానిక్, హన్మకొండ:

అక్కా, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నేను హసన్‌పర్తిలోని ఎస్‌బీఐ ఆర్‌సెటిలో ఏసీ, ఫ్రిజ్ రిపేరు నేర్చుకున్నాను. తిండి, పడక, శిక్షణ అన్నీ వాళ్లవే. నా ఖర్చల్లా బస్సు చార్జీలు, సబ్బు, పేస్టు.

ఒక్కటి ముందే చెబుతాను. ఉదయాన్నే లేపుతారు. యోగా, శ్రమదానం, ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి, నిన్న నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది ఏమిటో అందరి ముందూ చెప్పాలి. దాన్ని అక్కడ ‘మిల్లీ’ అంటారు. మొదట్లో నాకు కాళ్లు వణికేవి. రింగులు విసిరే ఆట, కాగితపు పడవలు చేసి లాభనష్టాలు లెక్కకట్టే ఆట కూడా ఆడించారు. గ్యాస్ నింపడం నేర్చుకోవడానికి వస్తే ఈ చిన్నపిల్లల ఆటలేమిటని విసుక్కున్నాను. షాపు పెట్టి, రేటు ఎంతో చెప్పడానికి నోరు పెగలని రోజున వాటి విలువ తెలిసింది.

పాత బ్యాంకు మనిషి:

అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి, చివరి కొన్నేళ్లు ఇలాంటి సంస్థనే ఒకదాన్ని నడిపి రిటైరయ్యాను. సీట్లు తక్కువ అన్న మాట చదివి నవ్వొచ్చింది. ఏడాదికి ఇంతమందికి నేర్పాలని మాకు లక్ష్యాలుండేవి. అవి నిండక మేమే సంఘాల సమావేశాలకు వెళ్లి, పిల్లలను పంపండి తల్లీ అని అడుక్కునేవాళ్లం. ఆ ఆరు వేల పెద్దమనిషి మీ పేరు రాయించేదేమీ లేదు. ఆధార్, రేషన్ కార్డు, చదువు కాగితాలు, ఫొటోలు పట్టుకుని మీరు వెళితే మీ పేరు మీరే రాయించుకోవచ్చు. నేనున్నప్పుడు పద్దెనిమిది నుంచి నలభై అయిదేళ్ల లోపు వయసుండాలనేవారు. సంఘంలో సభ్యురాలు కాబట్టి మీకు ప్రాధాన్యం కూడా ఉంటుంది.

మీ అత్తగారి అనుమానం న్యాయమైనదే. ఊరికే ఎవరూ పెట్టరు. ఇక్కడ పెట్టేవాళ్లు వేరే ఉన్నారు. స్థలం రాష్ట్ర ప్రభుత్వానిది, భవనానికి గ్రాంటు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖది, నడిపే బాధ్యత బ్యాంకుది. పేద గ్రామీణ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ల శిక్షణ ఖర్చును ప్రభుత్వం తిరిగి బ్యాంకుకు చెల్లిస్తుంది. ఈ పద్ధతికి మూలం కర్ణాటకలోని ఉజిరె. ధర్మస్థల వీరేంద్ర హెగ్గడే గారు సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకులతో కలిసి 1982లో అక్కడ రుడ్‌సెటిని మొదలుపెట్టారు. మన అనంతపురంలో, వేటపాలెంలో ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తున్నాయి. అది బాగుందని ప్రభుత్వం జిల్లాకొకటి పెట్టమని బ్యాంకులకు చెప్పింది, అవే ఆర్‌సెటిలు. పని నేర్చుకున్నవాడు షాపు పెడితే బ్యాంకుకు ఒక మంచి ఖాతాదారు దొరుకుతాడు. ఆ స్వార్థం కూడా ఉంది, దాచడం ఎందుకు?

మిషను సంగతి వేరు. ఆర్‌సెటి మిషను ఇవ్వదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. అందులో పరికరాలకు 15,000 రూపాయల వోచరు, శిక్షణ రోజులకు 500 చొప్పున భత్యం ఉంటాయి. ఆయన దాన్నీ దీన్నీ కలిపి మీకు అమ్ముతున్నాడు.

మీ మరిదిని మాత్రం ఆర్‌సెటికి పంపకండి. అక్కడ నేర్పేది సొంతంగా బతకడం. జీతమే కావాలనేవాడు వచ్చి కూర్చుంటే అతనికీ విసుగే, నేర్పేవాళ్లకూ విసుగే. అతను చూడవలసింది దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014లో వచ్చింది, పల్లెల్లోని 15 నుంచి 35 ఏళ్లవారికి. శిక్షణ తర్వాత ఉద్యోగం చూపించే బాధ్యత నేర్పే సంస్థదే. తెలంగాణలో ఈజీఎంఎం, ఆంధ్రలో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థలు దీన్ని చూస్తాయి. మండలంలో మహిళా సంఘాలను చూసే ఐకేపీ ఆఫీసులో అడిగితే చెబుతారు. బీకాం అంటున్నారు కాబట్టి పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థకు ముందు ఫోన్ చేయమనండి. అక్కడ అకౌంట్స్ అసిస్టెంట్ కోర్సు ఉంది, కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ నేర్పుతారు, హాస్టలూ భోజనమూ ఉచితం.

ఉపాధి కల్పన కార్యాలయంలో కార్డు కూడా చేయించుకోమనండి. అయితే ఉద్యోగానికి రమ్మని ఉత్తరం వస్తుందని గుమ్మం వైపు చూస్తూ కూర్చోవద్దు. 2025 వరకు అమల్లో ఉన్న 1959 నాటి చట్టం ప్రకారం పాతిక మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఆ కార్యాలయానికి తెలియజేయాల్సి ఉండేది. అక్కడి పేర్లలోంచే తీసుకోవాలని మాత్రం ఆ చట్టంలో ఎప్పుడూ లేదు. జాబ్ మేళాలు ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలియడానికి ఆ కార్డు పనికొస్తుంది. కేంద్రం వారి నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడానికీ డబ్బు అక్కరలేదు.

సూర్యాపేట వాసి:

అన్నీ బాగానే చెప్పారు గానీ, మా ఊళ్లో ఈ కుట్టు శిక్షణకు వెళ్లొచ్చిన ఆడవాళ్లలో చాలామంది ధ్రువపత్రాన్ని బీరువాలో పెట్టి మళ్లీ పత్తి ఏరడానికే పోతున్నారు. అప్పు కోసం బ్యాంకుకు వెళితే రేపు రా, మాపు రా. ఇందుకోసమా ఇంత హడావుడి?

పాత బ్యాంకు మనిషి:

నిజమే బాబూ, కాదనను. నేర్పడం కన్నా అప్పు ఇప్పించడమే కష్టం. నా ఉద్యోగంలో ఎక్కువ గొడవలు మా శాఖల మేనేజర్లతోనే పడ్డాను.

అందుకే ఈ అమ్మాయికి చెబుతున్నాను. శిక్షణ చివర్లో మార్కెట్ సర్వేకు పంపిస్తారు, ప్రాజెక్టు రిపోర్టు రాయిస్తారు. అప్పటికి ఒళ్లు అలిసిపోయి పక్కవాళ్లది చూసి రాసేవాళ్లే ఎక్కువ. మీరు అలా చేయకండి. మీ ఊళ్లో, పక్క ఊళ్లలో లైనింగ్ జాకెట్టుకు ఎంత తీసుకుంటున్నారు, పెళ్లిళ్ల నెలల్లో ఎన్ని వస్తాయి, ఆషాఢంలో ఎన్ని వస్తాయి, మోటారు మిషను ధరెంత, ఇవన్నీ మీ చేత్తో రాసుకోండి. ఇక్కడ మీరు రాసిన మొదటి పేరా సగం రిపోర్టు, జనగామకు పోతున్న జాకెట్లే మీ మార్కెట్.

దరఖాస్తును మీరొక్కరే తీసుకెళ్లకండి, సంస్థ ద్వారా మీ శాఖకు పంపించమని అడగండి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో శిశు అనే రకం కింద 50,000 వరకు ఇస్తారు, దానికి ఆస్తి తాకట్టు అడగకూడదు. మేనేజరు కాదంటే ఆ కారణం కాగితం మీద రాసివ్వమనండి. రాయాల్సి వచ్చేసరికి చాలా కారణాలు మాయమవుతాయి. శిక్షణ తర్వాత రెండేళ్లు మీ బాగోగులు చూడాలని ఆర్‌సెటికి నియమం ఉంది. వాళ్లు ఫోన్ చేయకపోతే మీరే చేయండి, మొహమాటం వద్దు.

జనగామ కోడలు:

సార్, అన్నయ్యా, చాలా కృతజ్ఞతలు. ఆరు వేలాయనకు వద్దని చెప్పించాను. మరిది జలాల్‌పూర్‌కు ఫోన్ చేస్తానన్నాడు. నాకు మిగిలింది బాబు సమస్యే. నెల రోజులు వాడిని వదిలి ఉండలేను, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు.

పాత బ్యాంకు మనిషి:

దానికీ దారి ఉందమ్మా. ఆర్‌సెటి తన భవనంలోనే కాదు, ఊళ్లలో కూడా బ్యాచ్‌లు నడుపుతుంది. పాతిక నుంచి ముప్పై అయిదు మంది వరకు కావాలి. మీ ఊరివాళ్లే చాలకపోతే పక్క ఊళ్లనూ కలుపుకోండి. ఊళ్లో సంఘాల పనులు చూసే మీ వీవోఏతో మాట్లాడి, ఊరి సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘంలో తీర్మానం రాయించండి, పేర్ల జాబితా జతచేసి మండల ఐకేపీ ఆఫీసులోని ఏపీఎం ద్వారా ఆర్‌సెటి డైరెక్టరుకు పంపండి. నేర్పే టీచరును వాళ్లే పంపుతారు. వెలుతురు బాగా వచ్చే గది ఒకటి, మిషన్లకు సరిపడా కరెంటు ప్లగ్గులు మీరు చూసిపెట్టుకోవాలి. మిషన్లు వాళ్లు తెస్తారా, మీ సంఘంవాళ్లవి వాడాలా అన్నది లేఖలోనే అడిగేయండి. ఈ ఒక్క విషయం తేలక నేను కొన్ని బ్యాచ్‌లను వాయిదా వేయవలసి వచ్చింది.

ఫ్రిజ్ మెకానిక్, హన్మకొండ:

అక్కా, వరినాట్ల సమయంలో మాత్రం పెట్టించకండి. పేర్లు ముప్పై ఉంటాయి, మనుషులు పదిమందే వస్తారు.