బీచ్ బాయ్స్ తొలి ఆల్బమ్ ‘సర్ఫిన్ సఫారీ’: నా రికార్డులో ధ్వని ఎందుకు ఇలా ఉంది?

పాతపెట్టె (హైదరాబాద్): అమెరికా పాప్ బృందం బీచ్ బాయ్స్ పాడగా 1962 అక్టోబరులో క్యాపిటల్ రికార్డు సంస్థ విడుదల చేసిన ఈ ఎల్పీ ఎన్నాళ్లుగానో వెతుకుతుంటే, కోఠిలో పాత రికార్డులు అమ్మే ఒక దుకాణంలో దొరికింది. ఇంటికి తెచ్చి పెట్టి వింటే గొంతులన్నీ బావిలోంచి వస్తున్నట్లు, ఒకదాని వెనుక ఒకటి నీడలాగా వినిపించాయి. ముల్లు అరిగిందేమోనని కొత్తది వేయించినా తేడా రాలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

తీరవాసి (విశాఖపట్నం): నాకూ ఇదే జరిగిందండి, నేను కూడా ముల్లునే తిట్టుకున్నాను. అట్ట మీద సంఖ్య ఒకసారి చూడండి. టీ 1808 అయితే అది మోనో, అంటే ధ్వని అంతా ఒకే చానెల్‌లో ఉండే ముద్రణ. డీటీ 1808 అయితే ‘డ్యుయోఫోనిక్’, అంటే మోనో టేపునే రెండు చానెళ్లుగా చీల్చి, ఒకదానిలో మంద్రధ్వనులను, రెండోదానిలో తారధ్వనులను తగ్గించి, రెంటి మధ్య అతి స్వల్పమైన ఆలస్యం కల్పించి స్టీరియోలాగా అమ్మిన ముద్రణ. మీరు విన్న నీడ ఆ ఆలస్యమే. ఆంప్లిఫయర్‌లో మోనో మీట నొక్కితే రెండు చానెళ్లూ కలిసి ధ్వని ఇంకా మసకబారుతుంది కనుక, ఒక్క చానెల్‌నే తీసుకుని వినడం మేలని నా అనుభవం.

ఇంజన్‌ప్రియుడు (విజయవాడ): ముద్రణ ఏదైనా ‘409’ పాటను మాత్రం శ్రద్ధగా వినమని మనవి. ఆటోనగర్‌లో మా నాన్నగారి షెడ్డులో పెరిగినవాడిని గనుక, పాట మొదట్లో ఇంజన్ అందుకునే ఆ మోత వినగానే చేతిలో ఉన్న స్పానర్ పక్కన పెట్టేశాను. 409 అన్నది షెవ్రొలే వీ8 ఇంజన్ ఘనపరిమాణం. ఘనపు అంగుళాల్లో చెప్పిన ఆ లెక్క సుమారు 6.7 లీటర్లవుతుంది. నాలుగు గేర్ల పెట్టె, జంట కార్బ్యురేటర్లు, రెండు వెనుక చక్రాలకూ పట్టు అందించే డిఫరెన్షియల్ అన్నీ పాటలో పేరుపేరునా వస్తాయి. బృందంలోని బ్రయన్ విల్సన్‌తో కలిసి దీన్ని రాసిన గ్యారీ అషర్ తన సొంత కారునే రాత్రివేళ విల్సన్ల వీధిలో అటూ ఇటూ నడిపితే, ఆ చప్పుడును టేపు మీదికి ఎక్కించారు. హాట్ రాడ్ పాటలకు, అంటే వేగం కోసం మార్చిన కార్ల మీది పాటలకు, దారి తీసినవాటిలో ఇదొకటి కావడానికి ఆ నిజమైన ఇంజనే కారణమని నా నమ్మకం.

తీరవాసి: నిజమే. అయితే ‘కౌంటీ ఫెయిర్’, ‘కకూ క్లాక్’ వంటివి స్థలం నింపడానికి చేర్చినట్లే ఉంటాయి. పన్నెండు పాటల్లో నేను మళ్లీ మళ్లీ వినేవి నాలుగైదే. ఆ నాలుగైదింటిలోని గొంతుల కలయిక మాత్రం అపురూపం. అప్పటికి బ్రయన్‌కు 20 ఏళ్లు, ఆయన తమ్ముడు కార్ల్‌కు 15, బృందంలోని డేవిడ్ మార్క్స్ ఇంకా చిన్నవాడు. నిజంగా అలల మీద సర్ఫింగ్ చేసినవాడు బ్రయన్ మరో తమ్ముడు డెనిస్ ఒక్కడే.

పడమటిగాలి (టోరెన్స్, కాలిఫోర్నియా): మా ఇంటికి దగ్గరలోనే ఉన్న, విల్సన్ సోదరులు పెరిగిన ఊరు హాథార్న్‌కు మా పిల్లలను తీసుకుని వెళ్లాను. విల్సన్ల ఇల్లు ఇప్పుడు లేదు. 105 ఫ్రీవే కోసం దాన్ని పడగొట్టారు. ఆ చోట 2005లో కట్టిన ఇటుకల స్మారకం ఉంది, పక్కనే వాహనాల హోరు వినిపిస్తూ ఉంటుంది. ఆల్బమ్ అట్ట మీది ఫోటో మాలిబులోని ప్యారడైజ్ కోవ్‌లో తీసినది. అందులో ఉన్న ఐదుగురిలో అల్ జార్డిన్ కనిపించరు. బృందాన్ని విడిచి చదువుకు వెళ్లిన ఆయన స్థానంలో డేవిడ్ వచ్చాడు. అయినా 1961 నాటి మొదటి సింగిల్ ‘సర్ఫిన్’ను ఈ ఆల్బమ్‌లో చేర్చారు కనుక, అట్ట మీద లేని అల్ వాయించిన నిలువు బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తంత్రీవాద్యం) లోపల వినిపిస్తుంది. ఆయనకు జరిగిన ఈ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పాతపెట్టె: అందరికీ కృతజ్ఞతలు. అట్ట మీద డీటీ 1808 అనే ఉంది. తీరవాసి గారు చెప్పినట్లు ఒక స్పీకరు తీగ ఊడదీసి, మిగిలిన దానితోనే రాత్రి ‘సర్ఫిన్’ విన్నాను. గొంతుల వెనుక నీడ పోయింది. పడమటిగాలి గారు చెప్పిన నిలువు బాస్ దెబ్బ దెబ్బకీ విడిగా వినిపించింది. టీ 1808 ప్రతి ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే దయచేసి తెలియజేయండి.