చిన్న పడవలో వేణ్ణీళ్ళకి ఏం పెట్టుకోవాలి? డిసెంబరులో అమ్మ వస్తోంది

తామరరేవు:

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండులో గ్రాండ్ యూనియన్ కాలవ మీద, మార్స్‌వర్త్‌కీ బర్కమ్‌స్టెడ్‌కీ మధ్య తిరుగుతూ ఉంటాం. మాది 45 అడుగుల నేరోబోటు, అంటే ఇక్కడి కాలవల కోసం కట్టే సన్నటి పొడుగాటి పడవ. సొంత రేవు లేదు, కాబట్టి గట్టున కరెంటు ప్లగ్గూ లేదు. 14 రోజులు దాటకుండా పడవ కట్టిన మేకులు పీకి ముందుకి జరగాల్సిందే. నేను నర్సుని, మా ఆయన పడవలో కూర్చునే ఆఫీసు పని చేస్తాడు. మూడేళ్ళుగా ఇదే మా ఇల్లు.

వేణ్ణీళ్ళకి ఇప్పుడు పాత గ్యాస్ గీజరు ఉంది. పడవతో పాటే వచ్చింది, 20 ఏళ్ళ పైమాటే. వంటగది గోడకి బిగించి, పొగగొట్టం కప్పులోంచి పైకి తీశారు. కుళాయి తిప్పగానే భగ్గుమని అంటుకుంటుంది. పంపు ఒత్తిడి కాస్త తగ్గిందా, ఆరిపోతుంది. తల నిండా షాంపూ నురగ ఉన్నప్పుడు ఒక్కసారిగా కాలవనీళ్ళంత చల్లటి నీళ్ళు పడతాయి. మేమిద్దరం ఎలాగో సర్దుకుపోయాం. కానీ డిసెంబరులో రాజమండ్రి నుంచి అమ్మ వస్తోంది, మూడు నెలలు ఉంటుంది. 68 ఏళ్ళు, షుగరు ఉంది, పాదాల్లో స్పర్శ తక్కువ. పొద్దున్నే స్నానం కానిదే పొయ్యి దగ్గరికి రాదు. షవరు కింద నిలబడదు, బకెట్టూ చెంబూ ఉండాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పోయిన చలికాలం, తలుపు కింద గాలి కంతల్లోంచి ఈదురుగాలి కొడుతోందని పాత తువ్వాలు కుక్కాను. ఆ వారమంతా పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండేది. విషవాయువుని పసిగట్టే అలారం మోగలేదు. షిఫ్టుల వల్ల నిద్ర చాలక అనుకున్నాను. హైదరాబాదులో బాత్రూం గ్యాస్ గీజర్ల వల్ల ఊపిరాడక పోయినవాళ్ళ వార్తలు చదివినదాన్ని, పైగా నర్సుని. తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కొత్త గ్యాస్ గీజరా, డీజిల్ హీటరా, ఇంజన్ వేడితో కాగే టాంకా? పగటి డ్యూటీ అయితే నేను ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా గట్టున కట్టిన పడవలో ఇంజన్ నడపకూడదు కదా. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

లాకులసత్యం:

అమ్మా, ఆ తువ్వాలు ఇంకా అక్కడే ఉంటే ముందు లేచి తీసెయ్. మిగతాది తర్వాత చదువుదువు గాని.

నేను ధవళేశ్వరం లాకుల పక్కన పుట్టినవాణ్ణి. తొమ్మిదేళ్ళుగా లీడ్స్-లివర్‌పూల్ కాలవ మీద ఉంటున్నాను. మీ గీజరు మండటానికి గాలి గదిలోంచే తీసుకుంటుంది. కంతలు మూస్తే చాలినంత గాలి అందక మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు సంగతి వేరు, అది గాలికన్నా బరువు. పడవ అంటే చిల్లు లేని బిందె లాంటిది, లీకైన గ్యాసు పోయే దారి లేక అడుగున చేరి కూర్చుంటుంది. గ్యాస్ సిలిండర్ల అర నుంచి బయటికి కన్నం పెట్టేది అందుకే. ఈ రెండు ప్రమాదాలూ ఒక్క డబ్బాలో పెట్టుకుని దాని పక్కనే పడుకుంటున్నారు మీరు. 2019 ఏప్రిల్ 1 నుంచి బోట్ సేఫ్టీ తనిఖీలో మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేశారు. మీ దగ్గర ఉందన్నారు, మంచిది. దాని వెనక గడువు తేదీ ఉంటుంది, ఇవాళే చూడండి. గడువు దాటిన అలారం మోగలేదని నిశ్చింతగా ఉండటానికి లేదు.

గ్యాసే కావాలనుకుంటే గాలి బయట నుంచి తీసుకుని పొగ బయటికే వదిలే సీల్డ్ రకం తప్ప ఇంకోటి వద్దు. బిగించడానికి పడవల గ్యాస్ పని చేయడానికి అర్హత ఉన్న గ్యాస్ సేఫ్ (ఇక్కడి గ్యాస్ పనివాళ్ళ అధికారిక జాబితా) మనిషినే పిలవండి. కానీ నా మాట టాంకే.

మీ చిన్నప్పుడు ఇంట్లో రాగి బాయిలరు ఉండేదా? మా అమ్మమ్మగారింట్లో పెరట్లో ఉండేది. నడిమధ్యన గొట్టం, అందులో బొగ్గులూ కొబ్బరి డొక్కలూ వేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. ఇక్కడ కేలరిఫైయర్ అంటున్నది దాని తమ్ముడే. మంట ఉండాల్సిన చోట చుట్టలు తిరిగిన గొట్టం ఉంటుంది, ఇంజన్‌ని చల్లార్చి వచ్చిన వేడినీళ్ళు అందులోంచి పోతాయి. స్నానం నీళ్ళు దాని చుట్టూ ఉంటాయి. రెండూ ఎక్కడా కలవవు. చలికాలం బ్యాటరీల కోసం మీరు రోజూ ఇంజన్ వేస్తూనే ఉంటారు. ఆ వేడి ఇప్పుడు పడవ పక్కరేకు గుండా కాలవలోకి పోతోంది, దాన్ని బకెట్లోకి తెచ్చుకోవడమే.

చుక్కాని:

నేను పడవ కొనాలని చూస్తున్నాను, అనుభవం లేదు. ఒక సందేహం. ఇండియా నుంచి నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్డు తెచ్చుకుని, పడవలో ఇన్వర్టరుకి పెట్టి బకెట్లో వేసుకుంటే సరిపోదా? పైన సోలార్ పలకలు ఎలాగూ ఉంటాయి.

ఇంజన్‌రూమ్:

తమ్ముడూ, వద్దు. విశాఖలో మొదలుపెట్టి 22 ఏళ్ళు ఓడల్లో ఇంజినీరుగా చేశాను, ఇది లెక్కతోనే చెబుతాను. 18 లీటర్ల బకెట్టు నీళ్ళని 10 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 0.63 యూనిట్ల కరెంటు కావాలి. రాడ్డు 1500 వాట్లు అనుకో, 12 వోల్టుల బ్యాటరీ మీద పడే లాగుడు 125 ఆంపియర్లు. ఇన్వర్టరు తినేది కలిపితే 140 దాకా పోతుంది. రోజూ అలా పీల్చుకుంటే లెడ్ బ్యాటరీలు చలికాలం గట్టెక్కవు. డిసెంబరులో ఇంగ్లండు సూర్యుడి మీద ఆశ పెట్టుకోకు, 300 వాట్ల పలక రోజంతా ఇచ్చేది ఒక్క బకెట్టుకి కూడా చాలదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇనుప పడవలో, తడి నేల మీద, నీళ్ళ బకెట్లో కరెంటు కడ్డీ. ఆ ఆలోచనే మానుకో.

తామరరేవు గారూ, 55 లీటర్ల టాంకు తీసుకోండి. 10 డిగ్రీల నుంచి 70కి తేవడానికి సుమారు 3.8 యూనిట్ల వేడి. మీది 38 హార్స్‌పవర్ లాంటి ఇంజన్ అయితే గంట, గంటంబావు నడిస్తే చాలు. 70 డిగ్రీల నీళ్ళకి చన్నీళ్ళు కలుపుకుంటే 40 డిగ్రీల స్నానం నీళ్ళు 110 లీటర్లు తేలతాయి. బకెట్లలో చెప్పాలంటే ఆరు. అమ్మగారికి ఒకటిన్నర, మీ ఇద్దరికీ పోను గిన్నెలు కడగడానికీ మిగులుతాయి.

రెండు చుట్టలున్న టాంకే కొనండి. ఒకటి ఇంజన్‌కి, రెండోది ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి. రేపు డీజిల్ హీటరో బొగ్గు పొయ్యి వెనక బాయిలరో కలుపుకోవాలంటే టాంకు మార్చే పని ఉండదు. 55 లీటర్ల నీళ్ళు వేడెక్కితే లీటరుకి పైగా పొంగుతాయి. ఆ పొంగుకి ఎక్స్‌పాన్షన్ డబ్బా పెట్టించకపోతే కాచినప్పుడల్లా సేఫ్టీ వాల్వు కారుతుంది, పడవ అడుగు తడుస్తుంది.

ఇక మీ అమ్మగారి పాదాలు. ఇంజన్ నీళ్ళు 80 డిగ్రీల దాకా పోతాయి, టాంకు కూడా ఆ దరిదాపులకి చేరుతుంది. టాంకు నుంచి బయటికొచ్చే దారిలో, వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు దానంతటదే కలిపే మిక్సింగ్ వాల్వు పెట్టించి 43 డిగ్రీల దగ్గర ఆపండి. ఇది మటుకు మానవద్దు.

ఎండిన్‌రేవు:

డీజిల్ హీటరు గురించి నా అనుభవం. రెండు వేల పౌండ్లకి పైనే పెట్టి బిగించుకున్నాను. చిన్న టాంకు కాచడానికి రోజూ 15 నిమిషాలు వేసి ఆపేసేవాణ్ణి. రెండో చలికాలానికి లోపలంతా మసి కట్టి, తెల్లపొగ వదిలి ఆగిపోయింది. విప్పిన మెకానిక్ ఒక చిన్న స్క్రూడ్రైవరుతో గీరితే గొట్టంలోంచి బొగ్గు పెళ్ళలు రాలాయి. దానికి చేతినిండా పని కావాలి, నిండు మంట మీద గంటసేపు నడవాలి. రేడియేటర్లు కూడా ఉంటే హాయిగా పనిచేస్తుంది. ఉత్త స్నానం నీళ్ళకి అయితే దాన్ని కొనకండి. ఇంకోటి, అంటుకునేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్న చలి ఉదయమే మొరాయిస్తుంది, మనకి కావాల్సింది అప్పుడే.

లాకులసత్యం:

టాంకు బిగించేటప్పుడు నేను పడ్డ తిప్పలు రెండు చెబుతాను, మీరు పడకండి. ఇంజన్ నుంచి టాంకుకి వెళ్ళే గొట్టాన్ని అడ్డుచెక్క మీదుగా ఎత్తి తీసుకెళ్ళాను. ఆ ఎత్తులో గాలి బుడగ చిక్కుకుంది. వారం రోజులు ఇంజన్ సలసల కాగింది, కుళాయిలో గోరువెచ్చన కూడా లేదు. చివరికి గొట్టం పట్టుకు చూస్తే బుడగకి ఇవతల చెయ్యి కాలింది, అవతల మంచులా ఉంది. గొట్టం ఒకే వాలులో పోవాలి, ఎత్తైన చోట గాలి వదిలే స్క్రూ ఉండాలి. రెండోది బరువు. నిండిన టాంకు ఒక మనిషంత బరువు, అది ఒక పక్కనే కూర్చుంటుంది. నా పడవ వాలిపోయి బాత్రూం తలుపు దానంతటదే తెరుచుకునేది.

తామరరేవు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సత్యంగారూ, మీ మొదటి వాక్యం బస్సులో చదివాను. మా ఆయనకి ఫోన్ చేసి తువ్వాలు తీయించాను. తర్వాత అలారం వెనక చూశాం, గడువు దాటి 11 నెలలు. అదే రోజు కొత్తది కొన్నాం, పడక దగ్గర ఇంకోటి.

గీజరు తీసేయించాం. గ్యాసు ఇప్పుడు వంట పొయ్యికి మాత్రమే. 55 లీటర్ల రెండు చుట్టల టాంకు వెనక మెట్ల కింద పట్టింది. పంపు పక్కన పొంగు డబ్బా, బయటికొచ్చే గొట్టానికి మిక్సింగ్ వాల్వు పెట్టించాం. డీజిల్ హీటరు ఈ ఏడు వద్దనుకున్నాం.

నా ఎనిమిదిన్నర సమస్య ఇలా తీరింది. మా ఆయన మధ్యాహ్నం మూడున్నరకి ఇంజన్ వేసి, అయిదుకి ఆపుతాడు. నిన్న పగటి డ్యూటీ నుంచి వచ్చి, వార్డులో వాడే అలవాటు కొద్దీ థర్మామీటరు పెట్టి చూశాను. మిక్సింగ్ వాల్వు దాటి బకెట్లో పడ్డవి 42. పొద్దున ఆరింటికి, ఇంజన్ మళ్ళీ వేయకుండానే, 41. టాంకు చుట్టూ ఉన్న నురగ తొడుగు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, వేడి లోపలే నిలిచింది. అమ్మ లేచే వేళ అదే. తన స్నానానికి ఎవరూ ఇంజన్ వేయక్కర్లేదు, ఎనిమిది దాకా ఆగక్కర్లేదు. ఫోన్‌లో చెబితే "నలుగు పిండి తెచ్చుకోవచ్చా?" అని అడిగింది. తెచ్చుకో, కానీ షవరు గుంటలోంచి నీళ్ళు తోడే చిన్న పంపు ఉంది, దాని జల్లెడకి అడ్డుపడుతుంది, పల్చటి గుడ్డ వేస్తానులే అన్నాను.

పడవ మాత్రం కుడివైపుకి ఒరిగింది, స్టవ్వు మీద దోసె పిండి ఒక పక్కకే జారుతోంది. ఆదివారం ఎడమ పక్క నేల చెక్కలు ఎత్తి కాంక్రీటు పలకలు పరుస్తాం. సత్యంగారూ, ఎన్ని కిలోలతో మొదలుపెట్టమంటారు?

లాకులసత్యం:

నలభై కిలోలతో మొదలుపెట్టండమ్మా. నీళ్ళ టాంకు నిండుగా ఉన్నప్పుడే చూడండి, ఖాళీగా ఉన్నప్పుడు తూచితే మళ్ళీ సర్దాల్సి వస్తుంది. పలకల కింద రబ్బరు ముక్కలు వేయండి, తడి చేరితే ఇనుము తుప్పు పడుతుంది. సరిపోయిందో లేదో ఆ దోసె పిండే చెబుతుంది.